నీలం రవ్వ

పస్రా చౌరస్తా. రేకుల షెడ్డు కింద మార్చి నెల.
ఫారెస్టోళ్ల నాలుగు చక్రాల బండి
ట్రాలీ ఆటోల పండుకొని వచ్చింది,
రోగమొచ్చిన ఎద్దును తెచ్చినట్టు.
ఎంబడి వాచరు ఈసం పొట్టయ్య,
మెడకు తడి తువ్వాల, కండ్లెర్రగ.
"సెల్ఫు కొడితే తిరుగుతది గని అంటుకోదు" అన్నడు.

సగం రోగం ఆయనే చెప్పిండు.
తిరుగుతున్నదంటే బ్యాటరీ బతికున్నది.
ట్యాంకు పట్టి ఊపిన, పెట్రోలు పలికింది.
ఇగ మిగిలింది రవ్వ.

ప్లగ్గు ఊడదీసిన. మూతి తడిగున్నది.
తాగింది గని కాల్చలే.
క్యాపుల గుచ్చి, ఇంజను ఒంటికి ఆనిచ్చి
"కొట్టు" అన్న.
మిట్టమధ్యాహ్నపు ఎండల
రవ్వ ఉన్నదో లేదో ఎవనికెరుక!
మూలకున్న గొంగడి తెచ్చి
ఇద్దరం నెత్తి మీదికెల్లి కప్పుకున్నం.

లోపల గొర్రె వాసన, పెట్రోలు వాసన,
పొట్టయ్య ఒంటి మీద పొగ వాసన.
"మూడొద్దుల సంది గుట్ట కాలుతున్నది" అన్నడు చీకట్ల.
"ఇప్పపువ్వు ఏరనీకె ఆకులు కాలవెడతరు.
మావోళ్లే. చిన్నప్పుడు నేను సుత కాలవెట్టిన.
గాలి మళ్లిందంటే మన మాట ఇనదు."
"కొట్టు" అన్న మల్ల.
చీకటి చీకటి లెక్కనే ఉన్నది.

కొత్త ప్లగ్గు పెట్టిన. లేదు.
క్యాపు తిప్పి తీసి, వైరు కొస గోరంత కోసి,
రాగి మెరిసేదాక గీకి, మల్ల తిప్పిన. లేదు.
హ్యాండిలు మీది ఎర్ర బటను
లోపల్లోపలే బంజేస్తున్నదేమోనని
దాని జాయింటు ఊడదీసిన. లేదు.
మీటరు పుల్లలు పికప్పు కాయిలుకు ఆనిచ్చిన.
బుక్కుల రాసిన లెక్కనే చూపిచ్చింది,
బడిల మంచి పిలగాని తీరు.

ఇగ సీడీఐ డబ్బా అనొచ్చు.
తెలవని రోగమేదైనా ఆ నల్ల డబ్బా మీదనే ఏస్తం,
అది మాట్లాడదు గనుక.
హన్మకొండల దొరకదు. హైదరాబాదుకు చెప్పాలె. నాలుగు దినాలు.
పొట్టయ్య తాడ్వాయి దిక్కు చూస్తున్నడు.
గుట్ట నెత్తిన పొగ, ఉతకని ధోతి లెక్క.
"అడివంత నిప్పే" అన్నడు, "దీంట్ల ఒక్క రవ్వ లేదా?"

నాకు పని నేర్పిన గౌస్ సాబు ఒకటే అనేటోడు:
కొనేది చూడకముందు గీకేది చూడు.
ట్యాంకు దించిన. ఇగ్నిషన్ కాయిలు కనవడ్డది,
దాని కింద నిగనిగ ఆకుపచ్చ.

ఆ పెయింటు నాదే.
పుష్యమాసంల పెద్దసారు వస్తుండంటే
కాయిలు ఇప్పి, ఫ్రేముకు రెండు కోట్లు కొట్టి,
ఆరినంక దాని మీదనే బిగిచ్చిన.
ఇన్నొద్దులు బోల్టు మరల పట్టుతోని ఎట్లనో ఎల్లదీసింది.
ఇప్పుడు ఆ మరలల్ల తుప్పు.

పొట్టయ్యకు ఈపు తిప్పి గీకిన.
"ఏమాయె?"
"ఎర్త్ లేదు."
"అంటే?"
"పోయిన కరెంటు తిరిగొచ్చే తొవ్వ."
జరసేపు నా ఈపునే చూసిండు.
"పోయేదానికి ఒక్క తొవ్వ సాలదా?"
జవాబియ్యలే.

గొంగడి మల్ల కప్పుకున్నం.
"కొట్టు."
టిక్.
నీలం. జొన్న గింజ మీది మెరుపంత నీలం,
పొట్టయ్య ముక్కు కొస ఒక్కపారి కనవడి పోయింది.
"ఇంకోపారి" అన్నడు.
ఇంకోపారి కొట్టిన, అవసరం లేకున్నా.

ప్లగ్గుకు నూట ఇరవై తీసుకున్న.
"పనికెంత?" అంటే
"పో, గాలి మళ్లకముందు" అన్న.
పెద్దమనిషి ననుకున్నడు, దండం పెట్టిండు.
ఎర్రదుమ్ముల బండి సప్పుడు
మల్కలు తిరుగుకుంట సన్నవడ్డది.

పొద్దుగూకినంక సద్ది ఇప్పుకొని కూసుంటే
సబ్బుకు పోలే,
గోటి సందుల ఆకుపచ్చ.